పీటర్ పార్కర్ వయసు: స్పైడర్‌మ్యాన్ సంచికలను వరుసగా చదివాక

చందా కట్టి, మార్వెల్ సంస్థ వేసే ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ కామిక్ సంచికలను మొదటి నుంచి కొన్నేళ్లుగా వరుసగా చదువుతున్నాను. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చిందీ, చివరికి మింగుడుపడనిదీ ఒక్కటే, కాలం నడిచే తీరు.

1962లో బడిపిల్లవాడిగా పరిచయమైన పీటర్ పార్కర్, అంటే స్పైడర్‌మ్యాన్ ముసుగు వెనకున్న కుర్రాడు, 1965లో హైస్కూలు ముగించి, ఆ ఏడాదే కాలేజీలో చేరాడు. అంటే తొలి పాఠకులతో పాటే అతనూ తరగతులు దాటాడు. ఆ మూడేళ్ల సంచికలు ఇచ్చిన ఆనందం మరే సూపర్‌హీరో కథలోనూ నాకు దొరకలేదు. ఆ వేగం మాత్రం తర్వాత నిలవలేదు. కాలేజీ చదువు 1978 దాకా సాగింది, తీరా స్నాతకోత్సవం నాటికి వ్యాయామం తరగతి బాకీ ఉందని పట్టా ఆపేశారు. గోడలెక్కే మనిషికి వ్యాయామంలో బాకీ ఏమిటని నవ్వుకుని ఆ జాప్యాన్ని క్షమించాను. 1973లో అతని ప్రేయసి గ్వెన్ స్టేసీ మరణం, 1987లో మేరీ జేన్‌తో పెళ్లి చదివాక, ఈ కథలో కాలం ఎంత మందగించినా వెనక్కి మాత్రం పోదని నమ్మాను.

2007లో వచ్చిన ‘వన్ మోర్ డే’ కథ ఆ నమ్మకాన్ని చెరిపేసింది. తుపాకి గుండు తగిలి చావుబతుకుల్లో ఉన్న పెద్దమ్మ మే పార్కర్‌ను బతికించడానికి మెఫిస్టో అనే దుష్టశక్తి ఆ దంపతుల పెళ్లినే మూల్యంగా అడుగుతుంది. వారు ఒప్పుకోగానే, ఇరవయ్యేళ్లుగా పాఠకులు చూసిన కాపురం కథలో ఎవరికీ గుర్తులేకుండా పోతుంది. 1993లో చనిపోయిన పీటర్ స్నేహితుడు హ్యారీ ఆస్‌బార్న్ సైతం నిక్షేపంగా ఎదురవుతాడు. పెళ్లి వల్ల పీటర్ వయసు మీరినట్టు కనిపిస్తున్నాడన్నది అప్పటి మార్వెల్ ప్రధాన సంపాదకుడు జో కెసాడా బహిరంగంగానే చెప్పిన అభ్యంతరం. మరి 1962లోనే తల నెరిసిపోయిన పెద్దమ్మ మాటేమిటి? ఆమెను 1995లో ఒకసారి చంపి, చనిపోయింది ఆమె కాదు, ఆమె వేషం కట్టిన నటి అని చెప్పి మళ్లీ తీసుకొచ్చారు కూడా. వయసు మీద అంత పట్టింపు ఉన్నవారు ఆమె కోసం కొడుకులా పెరిగినవాడి కాపురాన్ని బలిపెట్టడం నాకు ఇప్పటికీ అర్థం కాదు. విడాకులు ఇప్పించి ఉంటే బాధపడుతూనే చదివేవాణ్ణి, ఎందుకంటే విడాకులు తీసుకోవాలన్నా ముందు పెళ్లి జరిగి ఉండాలి కదా.

2008 నుంచి నెలకు మూడేసి చొప్పున వచ్చిన సంచికల్లో సరదాగా సాగేవి ఉన్నాయి, వాటిని తీసిపారేయను. దశాబ్దాల కథను ఏకబిగిన చదువుతున్నందువల్ల ఈ అతుకు నా కంటికి ఇంతగా కనిపించి ఉండవచ్చు. అక్కడి నుంచే మొదలుపెట్టేవారికి అసలు కనిపించకపోవచ్చు. నన్ను అడిగితే మాత్రం, సంచికకొక దశాబ్దం చొప్పున పీటర్‌ను నిజంగానే ముసలివాణ్ణి చేసిన 2019 నాటి ‘లైఫ్ స్టోరీ’ ఆరు సంచికలను ముందు చదవమంటాను.