జి పెట్టాలా, వై పెట్టాలా? ఓ రష్యన్ కార్ల నగరం స్పెల్లింగ్ పంచాయితీ

వోల్గా ఒడ్డున, సమారా ప్రాంతంలో, లాడా కార్లు తయారయ్యే నగరం తొల్యాత్తి. ఈ పేరును ఇంగ్లీషులో రాయాల్సి వచ్చినప్పుడు మూడు స్పెల్లింగులు ఎదురవుతాయి. మొదటిది ఇటాలియన్ పద్ధతి: టి-ఓ-జి-ఎల్-ఐ-ఎ-టి-టి-ఐ. రెండోది రష్యన్ అక్షరాలను బట్టి రాసేది: టి-ఓ-ఎల్-వై-ఎ-టి-టి-ఐ. మూడోది రెండోదాని లాంటిదే, వై ఉన్నచోట ఐ ఉంటుంది. మూడూ చలామణిలో ఉన్నవే కాబట్టి ఏదీ పచ్చి తప్పు కాదు. నా ఓటు మాత్రం వైకే. అలాగని జి వైపు వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు.

దాని బలమంతా ఊరి చరిత్రలో ఉంది. 1737లో కోటగా మొదలైన ఈ ఊరి పాత పేరు స్తావ్రొపోల్. 1950లలో వోల్గా మీద కుయ్‌బిషెవ్ జలవిద్యుత్ కేంద్రం కట్టినప్పుడు పాత ఊరు రిజర్వాయరులో మునిగింది, జనాన్ని కొత్త చోటికి తరలించారు. 1964 ఆగస్టు 21న ఇటలీ కమ్యూనిస్టు నాయకుడు పాల్మీరో తొల్యాత్తి యాల్టాలో చనిపోయాడు. వారం తిరిగేసరికి ఊరికి ఆయన పేరు పెట్టేశారు. ఫియట్ వాళ్లు వచ్చి ఫ్యాక్టరీ పెట్టారు కాబట్టి ఇటాలియన్ పేరు వచ్చిందని చాలామంది అనుకుంటారు. కథ అటుది ఇటు. ఫియట్‌తో ఒప్పందం కుదిరింది 1966లో, అప్పటికి పేరు మారి రెండేళ్లు. ఫియట్ 124 ఆధారంగా చేసిన మొదటి కార్లు 1970లో బయటికొచ్చాయి. (స్వదేశంలో వాటి పేరు జిగులీ, ఎగుమతికి లాడా. కారుకైతే బయటి దేశాల కోసం ఏకంగా పేరే మార్చారు.)

జి పక్షం అడిగేది ఇదీ: ఆయన ఇటాలియన్, ఆయన పేరుకు ఇంగ్లీషు లిపిలోనే స్పెల్లింగు ఉంది, దాన్ని రష్యన్‌లోకి తీసుకెళ్లి మళ్లీ వెనక్కి తెచ్చి పాడుచేయడం దేనికి? సాంక్త్-పితిర్‌బూర్గ్‌ని సెయింట్ పీటర్స్‌బర్గ్ అని రాస్తున్నాం కదా, దీనికెందుకు పట్టింపు?

మంచి ప్రశ్నే. అయితే పీటర్స్‌బర్గ్ అనే రూపం ఇంగ్లీషులో ఎప్పుడో స్థిరపడింది, దానికి పోటీగా ఇంకోటి లేదు. తొల్యాత్తికి అలాంటి స్థిరత్వం రాలేదు. హాకీ క్లబ్ లాడా పేరు పక్కన ఎక్కువగా జి కనిపిస్తుంది, ఫుట్‌బాల్ క్లబ్ అక్రోన్ పక్కన వై. ఊరు ఒకటే! పైగా ఇటాలియన్‌లో జి-ఎల్-ఐ కలిస్తే పలికేది దాదాపు ‘ల్య’ లాంటి శబ్దం, అక్కడ జి వినపడదు. ఆ సంగతి తెలియనివాళ్లు తడుముకోకుండా ‘టోగ్లియాట్టి’ అనేస్తారు. ఆ ఊళ్లో ఎవరూ అలా పలకరు, ఇటలీలోనూ పలకరు. రెండు దేశాల్లోనూ లేని ఉచ్చారణను పుట్టించే స్పెల్లింగు కన్నా, చూడగానే నోరు సరిగ్గా తిరిగేది నయం. చుట్టుపక్కల సమారా, సిజ్రాన్, జిగుల్యోవ్‌స్క్ అన్నీ రష్యన్ అక్షరాలను బట్టే రాస్తూ దీనొక్కదాన్ని ఇటాలియన్‌లో రాస్తే, పేజీలో ఎబ్బెట్టుగా కూడా ఉంటుంది. బ్రిటానికా, ఇంగ్లీషు వికీపీడియా రెండూ ఈ ఊరి వ్యాసానికి వై స్పెల్లింగునే శీర్షికగా పెట్టాయి.

ఐ స్పెల్లింగుతో పెద్దగా పని పడదు. రష్యా పాస్‌పోర్టుల్లో ఇప్పుడు ‘యా’ అక్షరాన్ని ఐ-ఎ అని రాస్తారు, ఆ లెక్కన అది న్యాయమే. మామూలు పాఠకుడికి మాత్రం అక్కడ ‘ల్యా’ అని తట్టదు. ఇక ఎల్ తర్వాత అపాస్ట్రఫీ పెట్టే రకం కూడా ఒకటుంది. రష్యన్‌లోని మెత్తని గుర్తును, అంటే ముందున్న హల్లును మెత్తగా పలకమని చెప్పే అక్షరాన్ని, చూపించడానికి అది. లైబ్రరీ క్యాటలాగులకు, మ్యాపులకు సరే, వార్తకు అనవసరం.

వైకి ఓటేసినా మూడు చోట్ల దాన్ని పక్కన పెడతాను. ఆ నాయకుడి గురించి రాస్తే జి ఉండాల్సిందే, అది ఆయన సొంత పేరు. సంస్థలు తమకు తాము పెట్టుకున్న ఇంగ్లీషు పేరును ముట్టుకోకూడదు. అక్కడి స్టేట్ యూనివర్సిటీ జితోనే రాసుకుంటుంది, అలాగే ఉంచాలి. సర్టిఫికెట్లు, వీసా ఫారాల దగ్గర మన అభిప్రాయాలకు చోటే లేదు. అసలు కాగితం మీద ఏ అక్షరం ఉంటే అదే దించాలి, లేదంటే ఒక్క అక్షరం తేడాకి కౌంటర్ దగ్గర లేనిపోని టెన్షన్. 1964కు ముందు సంగతులైతే స్తావ్రొపోల్ అనే రాయాలి, కానీ పక్కన ‘వోల్గా మీది’ అని చేర్చాలి. దక్షిణాన కాకసస్ వైపు ఇంకో స్తావ్రొపోల్ ఉంది, గోర్బచోవ్ పుట్టింది ఆ ప్రాంతంలోనే.

తెలుగులో రాసేవాళ్లకు ఈ గొడవలో సగం లేదు. రష్యన్ త మన త లాగే పళ్లకు తగిలి పలుకుతుంది, ‘ల్యా’ రాయడానికి మనకు ఒత్తు ఉంది. ఇంగ్లీషు వార్త చూసి ‘టోగ్లియాట్టి’ అని దించే బదులు నేరుగా తొల్యాత్తి అని రాసేయొచ్చు. రష్యన్‌లో ఒత్తి పలకని ‘ఒ’ కాస్త ‘అ’ వైపు జారుతుంది కాబట్టి తల్యాత్తి అనాలని ఎవరైనా పట్టుబడితే కాదనలేం. కానీ మాస్క్వాని మాస్కో అంటున్న మనం అంత దూరం వెళ్లక్కర్లేదు.