ఎన్‌పీటెల్ మేలా, ఎమ్మైటీ ఓపెన్ కోర్స్‌వేర్ మేలా?

జూలైలో ఒకసారి, మళ్లీ జనవరిలో ఒకసారి ఇంజనీరింగ్ పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, ఎన్‌పీటెల్ చెయ్యమంటారా, ఎమ్మైటీ ఓపెన్ కోర్స్‌వేర్ చూడమంటారా?" మొదటిది మన ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు, రెండోది అమెరికాలోని ఎమ్మైటీ యూనివర్సిటీ తన కోర్సుల సామగ్రిని పెట్టిన వెబ్‌సైటు. రెండూ ఉచితమే. రెండింటిలోనూ పేరున్న ప్రొఫెసర్లే పాఠం చెబుతారు. రెండూ యూట్యూబ్‌లో దొరుకుతాయి. అందుకే చాలామంది ఏ ప్రొఫెసర్ బాగా చెబుతారన్న దాని దగ్గరే ఆగిపోతారు. నాకు అంతకంటే ముఖ్యమైంది వేరే ఉంది. వీడియో చూశాక చెయ్యడానికి ఏం పని ఇస్తున్నారు, ఆ పని సరిగ్గా చేశామో లేదో మనకెలా తెలుస్తుంది అన్నది. పాఠం వింటున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. పెన్ను పట్టుకుని లెక్క మొదలుపెడితే గానీ ఎక్కడ చిక్కుకున్నామో తెలీదు.

ఈ రెండూ ఎలా పుట్టాయో తెలిస్తే తేడా సగం అర్థమవుతుంది. ఇంటర్నెట్‌లో చదువు అమ్ముకుని డబ్బు చేసుకోవచ్చని అమెరికా యూనివర్సిటీలు ఆశపడుతున్న రోజుల్లో, 2001 ఏప్రిల్‌లో, ఎమ్మైటీ అధ్యక్షుడు చార్లెస్ వెస్ట్ తమ కోర్సుల సామగ్రి మొత్తాన్ని ఉచితంగా పెట్టేస్తామని ప్రకటించారు. మరుసటి ఏడాది 50 కోర్సులతో మొదలుపెట్టారు. 2007 నాటికి 1800 కోర్సులు వచ్చాయి, అంటే దాదాపు ఆ యూనివర్సిటీ సిలబస్ అంతా. ఇప్పుడు 2500 దాటాయి. తమ క్లాసులో పిల్లలకు ఇచ్చిన నోట్సు, హోమ్‌వర్కు, పరీక్ష పేపర్లు ఉన్నవి ఉన్నట్టే బయట పెట్టారు. అది అక్కడి పిల్లల కోసం తయారైన సామగ్రి. మనం కిటికీలోంచి చూస్తున్నాం, అంతే.

ఎన్‌పీటెల్ సంగతి వేరు. 1999లో ఆలోచన, 2003లో ఆచరణ. ఏడు ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్సీ కలిసి కేంద్ర ప్రభుత్వ నిధులతో మొదలుపెట్టాయి. ఇంజనీరింగ్ కాలేజీలు ఊరూరా లేచాయి, వాటిలో పాఠం చెప్పగల టీచర్లు మాత్రం చాలినంతమంది లేరు. ఆ లోటు కోసం పుట్టింది ఇది. అంటే మొదటి రోజు నుంచీ బయటి పిల్లల కోసం, మన కాలేజీల సిలబస్‌ను దృష్టిలో పెట్టుకుని రికార్డు చేసినది. దాని బలమూ బలహీనతా రెండూ అక్కడి నుంచే వచ్చాయి.

ముందు ఎమ్మైటీ వైపు ఒక కోర్సును దగ్గరగా చూద్దాం. లీనియర్ ఆల్జీబ్రా, కోర్సు నంబరు 18.06, గిల్బర్ట్ స్ట్రాంగ్ గారి పాఠాలు. 1999లో బ్లాక్‌బోర్డు ముందు తీసిన వీడియోలు. మొదటి క్లాసులో ఆయన రెండే రెండు సమీకరణాలు రాస్తారు. రెండు ఎక్స్‌లలోంచి ఒక వై తీసేస్తే సున్నా, మైనస్ ఎక్స్‌కి రెండు వైలు కలిపితే మూడు. ఇది మన పదో తరగతి లెక్క. ఎక్స్ ఒకటి, వై రెండు అని అర నిమిషంలో చెప్పేస్తాం. ఆయన మాత్రం తొందరపడరు. ముందు రెండు గీతలు గీసి ఎక్కడ ఖండించుకుంటాయో చూపిస్తారు. తర్వాత అదే లెక్కను నిలువు వరసల్లో చూడమంటారు. ఈ రెండు వెక్టర్లను ఎంతెంత కలిపితే కుడివైపు ఉన్న వెక్టర్ వస్తుంది అని అడుగుతారు. మొత్తం కోర్సు ఆ నిలువు చూపు మీదే నడుస్తుంది. ర్యాంక్, కాలమ్ స్పేస్, ఐగెన్ విలువలు అన్నీ దాని మీదే పుడతాయి. మన దగ్గర మాట్రిక్స్ ర్యాంకు అంటే ఎచెలాన్ ఫారానికి తెచ్చి సున్నా కాని వరసలు లెక్కపెట్టడం. అలా నేర్చుకున్న వాళ్లకు ఆ ఒక్క గంట పాఠం చాలు, ఇన్నాళ్లూ తాము చేసిన లెక్క దేనికో తెలియడానికి.

ఇంతవరకూ వీడియో గొప్పతనం. నేను ఎమ్మైటీ వైపు మొగ్గడానికి కారణం ఆ వీడియో కింద ఉన్న ప్రాబ్లం సెట్లు, జవాబులతో సహా ఉన్న పాత పరీక్ష పేపర్లు. అల్గారిథమ్స్ కోర్సు 6.006, 2011 నాటిది, తీసుకోండి. మొదటి క్లాసు "పీక్ ఫైండింగ్" మీద. అంకెల పట్టికలో చుట్టుపక్కల వాటికంటే తక్కువ కాని అంకెను త్వరగా ఎలా వెతకాలన్నది విషయం. మొదటి హోమ్‌వర్కులో పైథాన్‌లో రాసిన నాలుగు అల్గారిథమ్‌లు చేతికిస్తారు. ఏవి సరైనవి, ఏవి తప్పో చెప్పమంటారు. సరైనదాన్ని రుజువు చెయ్యమంటారు. తప్పైనవాటికి, అవి ఎక్కడ బోల్తా పడతాయో చూపించే మాట్రిక్స్‌ను రాసి ఇవ్వమంటారు. ఈ ఒక్క ప్రశ్న మీద రెండు సాయంత్రాలు కూర్చున్న పిల్లాడు, పది వీడియోలు చూసిన పిల్లాడికంటే ఎక్కువ నేర్చుకుంటాడని నా నమ్మకం. చేశాక పూర్తి జవాబు చూసుకోవచ్చు. ఆ జవాబులో కేవలం అంకె ఉండదు, వాదన ఉంటుంది.

ఎన్‌పీటెల్ వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లు ఎక్కువగా నాలుగు ఆప్షన్లలో ఒకటి గుర్తుపెట్టేవి, లేదా అంకె టైపు చేసేవి. ఒక్కో కోర్సుకు వేలమంది చేరతారు, కంప్యూటరే దిద్దాలి, వేరే దారి లేదు. కారణం న్యాయమైనదే. కానీ రుజువు రాయడం, డిజైన్ చేసి చూపించడం లాంటి పని అందులో ఇమడదు. ప్రోగ్రామింగ్ కోర్సులు ఇందుకు మినహాయింపు. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రొఫెసర్ మాధవన్ ముకుంద్ గారి పైథాన్ డేటా స్ట్రక్చర్స్ కోర్సులో రాసిన ప్రోగ్రామ్‌ను సిస్టమే టెస్ట్ కేసులతో నడిపి తప్పొప్పులు చెబుతుంది. ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను దాన్నే ముందు చెబుతాను. ఎమ్మైటీ వాళ్లదైతే జవాబు పక్కన పెట్టుకుని మనమే దిద్దుకోవాలి, అడిగేవాళ్లు ఎవరూ ఉండరు.

ఇంకో చోట ఎన్‌పీటెల్‌కు పోటీయే లేదు. సివిల్ పిల్లలు ఆర్‌సీసీ (ఇనుప కడ్డీలు వేసిన కాంక్రీటు) డిజైన్ నేర్చుకోవాలంటే ఐఎస్ 456 అనే మన దేశపు నిర్మాణ నియమాల పుస్తకం, అంటే కోడ్, కావాలి. స్టీలు డిజైన్‌కు ఐఎస్ 800. పరీక్షలోనూ, రేపు సైటు మీదా, మన దేశంలో నడిచేవి అవే. అమెరికా కోడ్ వేరు, అక్కడి కోర్సులో మన కోడ్ ఊసే ఉండదు. ఐఐటీ ఖరగ్‌పూర్, ఐఐటీ గువాహటి ప్రొఫెసర్లు ఈ రెండు సబ్జెక్టుల మీద చెప్పిన పాఠాలు మన కోడ్ పుస్తకంలోని క్లాజులు, టేబుళ్లు పట్టుకుని నడుస్తాయి. పవర్ సిస్టమ్స్‌లోనూ అంతే. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, మన గ్రిడ్ 50 హెర్ట్జ్. సిద్ధాంతం ఒకటే అయినా, ఉదాహరణల్లో వచ్చే లైన్లు, వోల్టేజీలు మనవై ఉంటే ఆ లెక్క బుర్రలో నిలుస్తుంది. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌కు చదివే, సివిల్, ఎలక్ట్రికల్ లాంటి కోర్ బ్రాంచీల పిల్లలు ఎమ్మైటీ దాకా వెళ్లాల్సిన పనే చాలావరకు ఉండదు.

ఇక సర్టిఫికెట్. ఓపెన్ కోర్స్‌వేర్‌లో పేరు నమోదు లేదు, సర్టిఫికెట్ లేదు, గడువు లేదు. ఎన్‌పీటెల్‌లో 2014 నుంచి సర్టిఫికెట్ ఉంది. చేరడం ఉచితం, పరీక్ష రాయాలంటే సుమారు వెయ్యి రూపాయల ఫీజు, కేంద్రానికి వెళ్లి నిఘాలో రాయాలి. అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75. పన్నెండు వారాల కోర్సైతే పన్నెండింటిలో బాగా చేసిన ఎనిమిది అసైన్‌మెంట్లు లెక్కలోకి వస్తాయి. పాసవ్వాలంటే అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 విడివిడిగా తెచ్చుకోవాలి. 2021 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం ద్వారా చదవనివ్వవచ్చు. ఎన్‌పీటెల్ కోర్సులు ఆ స్వయం వేదిక మీదే నడుస్తాయి. ఆనర్స్ డిగ్రీ కోసం అదనపు క్రెడిట్లు ఇలా తెచ్చుకునే పిల్లలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. క్రెడిట్ కావాలంటే ఇంకో ఆలోచన అక్కర్లేదు, ఎన్‌పీటెల్లే.

గడువు విలువను కూడా తక్కువ చెయ్యను. ఒంటరిగా, తనంతట తానుగా, పరీక్ష భయం లేకుండా ఒక కోర్సు చివరిదాకా చదవడం ఇరవై ఏళ్ల పిల్లలకు కష్టం. స్ట్రాంగ్ గారి పాఠాలు ఐదో ఆరో చూసి వదిలేసేవాళ్లే ఎక్కువ. వారం వారం అసైన్‌మెంట్ గడువు ఉందనే టెన్షన్ పుస్తకం తెరిపిస్తుంది.

కానీ ఆ టెన్షన్‌కే జనం ఒక అడ్డదారి కూడా కనిపెట్టారు. ఏ వారం అసైన్‌మెంట్ పేరు కొట్టినా యూట్యూబ్‌లో, టెలిగ్రామ్‌లో జవాబులు వరసగా వచ్చిపడతాయి. అవి చూసి టిక్ పెట్టి ఇరవై ఐదుకి ఇరవై నాలుగు తెచ్చుకుని, పరీక్షలో ముప్పై దాటక తెల్లమొహం వేసిన పిల్లల్ని చాలామందిని చూశాను. ఒక కాలేజీలో, పేరెందుకు, సెక్షన్ మొత్తాన్నీ కోర్సులో చేర్పించి, ఎంతమంది సర్టిఫికెట్ తెచ్చారన్న లెక్క ఒక్కటే అడిగేవాళ్లు. పిల్లలకు ఆ కోర్సు పేరు కూడా సరిగ్గా గుర్తుండేది కాదు. ఇది నాకు బాధ కలిగించే విషయం. అంత కష్టపడి ఆ ప్రొఫెసర్లు చెప్పిన నలభై పాఠాలు తెరవకుండానే కోర్సు పూర్తయిపోతోంది. సర్టిఫికెట్ ఇవ్వని ఓపెన్ కోర్స్‌వేర్‌లో ఈ జబ్బు లేదు. అక్కడ జవాబు పక్కనే ఉంటుంది, చూసి రాసుకుంటే నష్టం మనకే.

మరి కోర్సెరా, ఎడ్‌ఎక్స్ ఏమయ్యాయని అడుగుతారు. రెండూ 2012లో వచ్చాయి. పాఠాలు చాలా బాగుంటాయి. అయితే ఉచితంగా చూసేవాళ్లకు మార్కులు వేసే అసైన్‌మెంట్లు చాలావరకు తాళం వేసి ఉంటాయి, ఎడ్‌ఎక్స్‌లో ఉచితంగా చూసే గడువు కూడా కొన్ని వారాలే. ఎడ్‌ఎక్స్‌ను ఎమ్మైటీ, హార్వర్డ్ కలిసి లాభాపేక్ష లేని సంస్థగా పెట్టాయి. 2021లో దాన్ని 80 కోట్ల డాలర్లకు టూయూ అనే కంపెనీకి అమ్మేశాయి. ఆ కంపెనీ 2024 జూలైలో దివాలా రక్షణ కోరింది. కోర్సును ఈ రోజు ఉచితంగా చూడనిస్తున్నారా అన్నదానితో పాటు, రేపు కూడా ఉంటుందా, దించుకుని దాచుకోవచ్చా అని కూడా చూడాలనేది ఇందుకే. అసలు లెక్కలకే తాళం వేసిన చోట నేను పిల్లల్ని పంపను.

దించుకోవడం విషయంలో ఓపెన్ కోర్స్‌వేర్‌ది పెద్ద మనసు. కోర్సు నోట్సు, హోమ్‌వర్కులు, పరీక్షలు ఒకే జిప్ ఫైలుగా వస్తాయి. వ్యాపారానికి వాడకుండా, ఎవరిదో చెప్పి, అదే లైసెన్సుతో ఎవరైనా కాపీ చేసి పంచవచ్చు, మార్చుకోవచ్చు, అనువాదం చెయ్యవచ్చు. కాలేజీ ల్యాబ్ సర్వర్‌లో ఒకసారి పెట్టేస్తే హాస్టల్ పిల్లల డేటా ప్యాక్ అయిపోయినా చదువు ఆగదు. ఎన్‌పీటెల్ వీడియోలు, పాఠాల రాతప్రతులు కూడా దించుకోవచ్చు. పైగా చాలా కోర్సుల రాతప్రతులను తెలుగుతో సహా మన భాషల్లోకి తెచ్చారు. తెలుగు మీడియంలో ఇంటర్ దాకా చదివి వచ్చిన పిల్లలకు మొదటి ఏడాది ఇది ఎంత ఊరటో వాళ్లతో మాట్లాడితే తెలుస్తుంది. పరీక్ష ఇంగ్లీషులోనే కాబట్టి తెలుగు ప్రతి చదివి విషయం పట్టుకుని, తర్వాత వీడియో ఇంగ్లీషులో వినమని చెబుతుంటాను.

నా తీర్పు ఇది. కోర్ బ్రాంచి పిల్లలు, గేట్ రాసేవాళ్లు, క్రెడిట్లు కావలసినవాళ్లు ఎన్‌పీటెల్ తీసుకోండి. ఒక సెమిస్టర్‌లో ఒక్క కోర్సు, మూడు వద్దు. గణితం, అల్గారిథమ్స్, ప్రాబబిలిటీ లాంటివి నిజంగా పట్టు దొరికేలా నేర్చుకోవాలనుకుంటే ఓపెన్ కోర్స్‌వేర్ మేలు. ఎన్‌పీటెల్లో అల్గారిథమ్స్ చేస్తున్నా సరే, వారానికి ఒక్క ఎమ్మైటీ ప్రాబ్లం సెట్ పక్కన పెట్టుకోండి. జవాబు ఫైలు అదే రోజు తెరవొద్దు, మర్నాడు తెరవండి. బీఏ, బీకాం పిల్లలకు ఈ రెండూ పెద్దగా పనికిరావు. వాళ్లకు ఇగ్నో సార్వత్రిక విశ్వవిద్యాలయం వాళ్ల ఈజ్ఞానకోశ్ వెబ్‌సైటులో పాఠ్యపుస్తకాలు మొత్తం ఉచితంగా ఉన్నాయి, స్వయంలో వాళ్ల సబ్జెక్టుల కోర్సులూ ఉన్నాయి.

ఇక టీచర్లకు ఒక మాట. తెలుగులోకి వచ్చినవి పాఠాలు. జవాబులు పూర్తిగా విడమరిచిన లెక్కలు తెలుగులో దొరకడం చాలా అరుదు, పిల్లలు ఆగిపోయేది సరిగ్గా అక్కడే. 18.06 హోమ్‌వర్కుల జవాబులను తెలుగులో రాసి అందరికీ ఉచితంగా పెట్టడానికి ఆ లైసెన్సు మనకు అడ్డు చెప్పదు. ఒక కాలేజీ మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్‌లో నలుగురు కూర్చుంటే ఒక వేసవి సెలవుల్లో అయ్యే పని.