విమానంలో 13బి రోటరీ: తిప్పలన్నీ స్టార్టర్ దగ్గరే

సొంతంగా కట్టుకున్న రెండు సీట్ల విమానంలో మాజ్దా కార్ల 13బి రోటరీ ఇంజిన్‌ని (పిస్టన్లకు బదులు మూడు కొసల రోటర్లు తిరిగేది) ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో, అంటే కంప్యూటర్ చెప్పినంత పెట్రోలు ఇంజెక్టర్లు చిమ్మే పద్ధతిలో, ఏళ్ల తరబడి నడుపుతున్నాను. ట్యూనింగ్ కుదిరాక గాల్లో నన్నెప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. సతాయించేది నేల మీదే.

స్టార్ట్ చేసేటప్పుడు పెట్రోలు కాస్త ఎక్కువ పడిందంటే రోటర్ కొసల్లోని అపెక్స్ సీళ్ల మీది ఆయిల్ పొర కొట్టుకుపోతుంది. దాంతో కంప్రెషన్ (లోపలి గాలిని నొక్కి పట్టే బిగువు) పడిపోయి ఇంజిన్ అంటుకోదు. అంటుకోలేదని మళ్లీ తిప్పితే ఇంకాస్త పెట్రోలు పడుతుంది. ఈలోగా ప్లగ్గులు తడుస్తాయి, బ్యాటరీ నీరసిస్తుంది. స్టార్టర్ జోరుగా తిప్పకపోతే రోటరీ అసలే లేవదు.

అందుకే ఇంజెక్టర్లకు కరెంటు ఆపే స్విచ్ ఒకటి ప్యానెల్ మీద పెట్టుకున్నాను. విమానం మొత్తంలో ఇంత చవకగా ఇంత పనికొచ్చింది ఇంకోటి లేదు. పెట్రోలు వాసన రాగానే ఆ స్విచ్ ఆపేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కొన్ని సెకన్లు తిప్పుతాను. ఉన్నట్టుండి అంటుకుంటే విమానం ముందుకు దూకుతుంది కాబట్టి చక్రాలకు అడ్డు ఉండాల్సిందే, చెయ్యి థ్రాటిల్ మీంచి తీయకూడదు. అప్పటికీ మొండికేస్తే ప్లగ్గులు విప్పి ఆరబెట్టి, ఆ రంధ్రాల్లో కొద్దిగా ఆయిల్ పోస్తే కంప్రెషన్ తిరిగొస్తుంది. స్టార్ట్ అయ్యాక వచ్చే పొగ చూసి పక్కవాళ్లు కంగారుపడతారు, పట్టించుకోవద్దు. చల్లటి ఇంజిన్‌ని హ్యాంగర్ గుమ్మం దాకా తెచ్చి ఆపేయడం మాత్రం వద్దు. తర్వాతిసారి ఇలా పెట్రోలు ఎక్కువై ఫ్లడ్ అయ్యేది ఎక్కువగా అలాగే. ఆ కాస్త దూరానికి తోసుకోవడమే మేలు.

ట్యూనింగ్‌కి ఓపిక కావాలి. మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి) ఒక్కో మెట్టు దగ్గర ఆగి, పెట్రోలు పాళ్లు మార్చే మిక్స్చర్ నాబ్ తిప్పి, ఇంజిన్ నున్నగా నడిచిన విలువను ఇంజెక్షన్ కంప్యూటర్‌లోని టేబుల్‌లో దాచుకుంటూ పోవాలి. చిక్కంతా ఎప్పుడూ పనిచేసే ప్రైమరీ ఇంజెక్టర్లకు, పవర్ పెంచినప్పుడు సెకండరీలు తోడయ్యే చోట ఉంటుంది. అక్కడ లెక్క సరిపోకపోతే ఇంజిన్ ఒక్క క్షణం తడబడుతుంది, టేకాఫ్‌లో అయితే అదెంత టెన్షనో చెప్పక్కర్లేదు. ముందు నేల మీద కట్టేసి సరిచేసి, తర్వాత రన్‌వేకి సరిగ్గా పైనే గాల్లో బాగా ఎత్తున తిరుగుతూ చూసుకోవాలి. మిక్స్చర్ ఎలా ఉందో ఎగ్జాస్ట్‌లో పసిగట్టే ఆక్సిజన్ సెన్సార్ ఉంటే పని తేలిక, కానీ సీసం కలిసిన ఏవియేషన్ పెట్రోలు దాన్ని తొందరగా పాడుచేస్తుంది. ఐడిల్ వేగం మరీ తగ్గించొద్దు, ఇంజిన్‌కీ ప్రొపెల్లర్‌కీ మధ్యనున్న గేర్‌బాక్స్ గడగడలాడుతుంది. ప్లగ్ స్పార్క్ ఇచ్చే టైమింగ్‌ని మరీ ముందుకు జరిపి పవర్‌కి ఆశపడొద్దు. లీన్‌గా (పెట్రోలు తక్కువగా) నడిపితే రోటరీ ఓర్చుకుంటుంది గానీ డిటొనేషన్ (పెట్రోలు సాఫీగా మండకుండా ఒక్కసారిగా పేలడం) వస్తే అపెక్స్ సీల్ విరుగుతుంది.

ఎగ్జాస్ట్ వేడీ మోతా రెండూ ఎక్కువే, మఫ్లర్ మన్నడం కష్టం. కరెంటు పోతే ఇంజిన్ ఆగుతుంది గనుక రెండు బ్యాటరీలు, రెండు ఫ్యూయల్ పంపులు లేనిదే ఎగరొద్దు.

తాళం తిప్పి ఎగిరిపోదామనుకునేవాళ్లకు దీన్ని చెప్పను. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని గడి గడి సరిచేయడం సరదా అయితే తీసుకోండి, ప్లగ్ స్పానర్ మాత్రం విమానంలోనే ఉంచండి.