కోర్స్ ప్యాక్ టూల్ - ఎనిమిది సెమిస్టర్లు వాడాక నా మాట

నేను గుంటూరు దగ్గర ఒక ఎంబీఏ కాలేజీలో మార్కెటింగ్ చెప్తాను. మా సిలబస్‌కి ఏ ఒక్క పుస్తకమూ పూర్తిగా సరిపోదు, దీంట్లో రెండు చాప్టర్లు దాంట్లో మూడు కేసులు (కంపెనీల అనుభవాల మీద రాసిన కేస్ స్టడీలు) కావాలి, అందుకని నాలుగేళ్ల నుంచి ఒక పబ్లిషర్ ఆన్‌లైన్ లైబ్రరీలోంచి కావాల్సినవి ఏరుకుని డిజిటల్ కోర్స్ ప్యాక్ కట్టుకుంటున్నా. ముందే చెప్పేస్తున్నా, టూల్ మంచిదే, కానీ రేటు చూడకుండా ప్యాక్ కట్టడం మొదలుపెడితే మాత్రం పిల్లల జేబుకి చిల్లే.

మొదటిసారి నేను చేసింది అదే. నచ్చిందల్లా లాగి పడేశా. ఆరు కేసులు ఒక్కోటి 150, నాలుగు చాప్టర్లు ఒక్కోటి 70, రెండు ఆర్టికల్స్ ఒక్కోటి 120, మొత్తం 1420. దాని మీద 18% జీఎస్టీ, తలకి దాదాపు రూ. 1676! ప్రింట్ పుస్తకానికి జీఎస్టీ లేదు, ప్రింట్‌లో కూడా ఉన్న పుస్తకానికి ఈ-బుక్ అయితే 2018 నుంచి 5%, మనం ముక్కలు ఏరి కట్టిన ప్యాక్‌కి మాత్రం మా బిల్లులో 18 వేశారు. క్లాసులో సగం మంది ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివేవాళ్లే, వాళ్లని పదహారొందలు తెమ్మని ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?

అప్పుడు కూర్చుని ఒక్కోటీ తీసి చూశా. ఆ రెండు ఆర్టికల్స్ మా కాలేజీ లైబ్రరీ ఆల్రెడీ చందా కడుతున్న డేటాబేస్‌లో ఉన్నాయి, అంటే ఒకే దానికి రెండుసార్లు డబ్బులు, వాటికి లింక్ ఇస్తే సరిపోయింది. రెండు బేసిక్ చాప్టర్లకి బదులు అమెరికాలోని రైస్ యూనివర్సిటీ వాళ్ల ఓపెన్‌స్టాక్స్ అనే సైట్‌లో ఫ్రీగా చదువుకునే మార్కెటింగ్ పుస్తకం ఉంది, దాని లింక్ ఇచ్చా. కేసులు మూడే ఉంచా, సెమిస్టర్‌లో అంతకంటే ఎక్కువ ఎటూ చెప్పలేం. 590, ట్యాక్స్‌తో రూ. 696. సీఆర్ (క్లాస్ రిప్రజెంటేటివ్) ఫోన్‌పేలో వసూలు చేసేశాడు, ఎవరూ గొణగలేదు.

జెరాక్స్ షాపులో స్పైరల్ కొట్టిస్తే పోయేదిగా అని మా స్టాఫ్‌రూమ్‌లోనే అడిగారు. ఢిల్లీ యూనివర్సిటీ ఫోటోకాపీ కేసులో 2016లో హైకోర్టు చదువు అవసరానికి కోర్స్ ప్యాక్‌లు కాపీ చేసుకోవడాన్ని కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ కింద సమర్థించిన మాట నిజమే. కానీ సైట్‌లో లాగిన్ అయినప్పుడు షరతులకి ఒప్పుకుంటూ నేనే టిక్ పెట్టా, ఆ ఫైలే తీసుకెళ్లి షాపులో ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు.

ఇక టూల్‌లో ప్యాక్ కట్టే పని చాలా హాయి. మౌస్‌తో పట్టుకుని వరస మార్చుకోవచ్చు, కవర్ పేజీ, విషయసూచిక, మొదటి నుంచి చివరి దాకా పేజీ నంబర్లు అన్నీ అదే వేస్తుంది. కాకపోతే లోపల మాత్రం పాత పుస్తకం పాతే. మా ప్యాక్‌లో రెండో పాఠం తెరిస్తే "7వ చాప్టర్‌లోని పటం 7.3 చూడండి" అని ఉంటుంది, మా దాంట్లో 7 అనేదే లేదు! పిల్లలు ఒక గంట వెతికి నాకు వాట్సాప్ చేశారు. అప్పటి నుంచి ప్రతి పాఠం ముందు ఒక పేజీ నోట్ నేనే రాసి పెడుతున్నా, ఏ పటం ఎక్కడుందో. ఆ నోట్ తెలుగులో పెడదామని చూస్తే పీడీఎఫ్‌లో వత్తులన్నీ విడిపోయి "మార్కెట్" కాస్తా "మార్‌కెట్" అయి కూర్చుంది, చివరికి తెలుగు పేజీని బొమ్మగా మార్చి ఎక్కించాల్సి వచ్చింది.

నాకు నిజంగా కోపం తెప్పించింది గడువు. 180 రోజులు దాటితే ప్యాక్ తెరుచుకోదు. సప్లిమెంటరీ రాయాల్సిన ఒక అమ్మాయి ఎనిమిదో నెలలో వచ్చి "మేడమ్, ఓపెన్ అవట్లేదు" అంది, డబ్బు కట్టిన పిల్లే, పరీక్ష పది రోజులుంది. మళ్లీ కొనుక్కోమన్నారు సపోర్ట్ వాళ్లు. నా కాపీ ఇచ్చి స్టాఫ్‌రూమ్‌లో కూర్చోబెట్టి చదివించా.

ఈసారి ఆర్డర్ పెట్టక ముందే 365 రోజులు కావాలని మెయిల్ పెట్టా. తలకి 40 రూపాయలు ఎక్కువ అడిగారు, క్లాసులో చెప్తే అందరూ సరే అన్నారు, కట్టేశాం.