కిడ్నీల కోసమని అమ్మే పుట్టగొడుగుల పొడి: చాగా ఉంటే కొనొద్దు

విజయవాడ గవర్నర్‌పేటలో అడిగి కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, డబ్బా వెనక్కి తిప్పి మొదట వెతకాల్సిన పేరు చాగా, ఇదీ ఒక రకం పుట్టగొడుగే. రీషీ, కార్డిసెప్స్, చాగా అనే మూడు రకాల పుట్టగొడుగులూ కలిపిన పొడికి మేమిచ్చేది ఐదుకి ఒకటే. ఆ తగ్గిన మార్కుల్లో ఎక్కువ భాగం చాగా వల్లే.

చాగాలో ఆక్సలేట్, అంటే కాల్షియంతో కలిసి రాయిగా గట్టిపడే పదార్థం, చాలా ఎక్కువ. మన దగ్గర కిడ్నీలో రాళ్లంటే చాలావరకు కాల్షియం ఆక్సలేట్ రాళ్లే. రోహిణి కార్తె ఎండకి చెమట పట్టి మూత్రం చిక్కబడే ఊళ్లో ఆ పొడి రోజూ తాగడం రాయికి మేత వేయడమే. జపాన్‌లో 72 ఏళ్ల ఆవిడ రోజుకి నాలుగైదు టీస్పూన్ల చాగా పొడి ఆరు నెలలు వాడితే, కిడ్నీల్లో ఆక్సలేట్ స్ఫటికాలు పేరుకుని డయాలసిస్‌దాకా వెళ్లింది. 2014లో వైద్య పత్రికలో వచ్చిన కేసు ఇది. కాచి వడకట్టినా లాభం లేదు, నీళ్లలో కరిగే ఆక్సలేట్ కషాయంలోకే దిగుతుంది.

కార్డిసెప్స్ సంగతి వేరు. వైద్య అధ్యయనాలని పోగుచేసి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2014 సమీక్ష 22 అధ్యయనాలు, 1746 మంది రోగుల వివరాలు చూసింది. మామూలు మందులతో పాటు ఇచ్చినప్పుడు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) కొంత తగ్గినట్టు కనిపించినా, ఆ అధ్యయనాల నాణ్యత తక్కువని తేల్చింది. అందుకని దీన్ని నమ్ముకుని డాక్టరిచ్చిన మాత్రలు మానేయడం ప్రమాదం.

మూత్రం ధార సరిగా రాని పెద్దవయసు మగవాళ్లకి రీషీ మంచిదంటారు. 88 మందిలో కొందరికి 12 వారాలు రోజుకి 6 మిల్లీగ్రాముల రీషీ సారం, మిగతావాళ్లకి మందు లేని ఉత్త మాత్ర ఇచ్చి చూశారు. ఇబ్బంది కొంచెం తగ్గిందని సారం తీసుకున్నవాళ్లు చెప్పారు కానీ ధార వేగం, లోపల మిగిలే మూత్రం, ప్రోస్టేట్ సైజు మారలేదు. పైగా అది ఆల్కహాల్‌తో తీసిన సారం. చెంచాడు పొడి కాఫీలో కలుపుకోవడం దానికి సాటి రాదు.

పొడిలో ధాన్యం పిండి ఉందో లేదో తెలియాలంటే ఇంట్లోనే చూడొచ్చు. కొందరు పుట్టగొడుగుని కాక, ధాన్యం మీద పెంచిన బూజుని ధాన్యంతో సహా ఎండబెట్టి పొడి కొడతారు. అర చెంచా పొడిని గ్లాసుడు నీళ్లలో మరిగించి, వడకట్టి, పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద రంగు నిలవదు. గోధుమ రంగు పలచబడేదాకా నీళ్లు కలిపి రెండు చుక్కల బీటాడిన్ వేయండి. ముదురు నీలం తిరిగితే పిండి ఉన్నట్టే. తిరగకపోయినంత మాత్రాన సరుకు మంచిదని కాదు. లేబుల్ మీద పండుభాగమా (అసలు పుట్టగొడుగు), బూజుభాగమా అన్నది, బీటా గ్లూకాన్ (పుట్టగొడుగుల్లో ఉండే ఒక పీచు పదార్థం) శాతం, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు కూడా ఉండాలి.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఎ.కొండూరు తండాల నుంచి డయాలసిస్‌కి వచ్చేవాళ్లకి ఈ డబ్బాలు ఎవరూ అంటగట్టకూడదు. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు రీషీ ముట్టుకోకూడదు, రోగనిరోధక శక్తిని అణచే మందుల పనికి అది అడ్డు రావచ్చు. వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లయితే, మొదటి చెంచాకి ముందే డబ్బా తీసుకెళ్లి డాక్టరుకి చూపించాలి.