మొదటి స్మార్ట్‌ఫోన్‌లో ఏ యాప్‌లు ఉండాలి? గోదావరి లంకలో ఏళ్ల తరబడి వాడి చెప్తున్న మాట

కొత్తగా స్మార్ట్‌ఫోన్ కొన్నవాళ్లు మొదట అడిగేది "ఏమేం యాప్‌లు వేసుకోవాలి?" అనే. షాపులో కుర్రాడు తనకి తెలిసినవన్నీ వేసి ఇచ్చేస్తాడు. వారం తిరిగేసరికి వాటిలో సగం ఎందుకున్నాయో ఎవరికీ గుర్తుండదు. నేను కొన్నేళ్లుగా వాడుతున్నాను, మా వీధిలో చాలామంది ఆడవాళ్లకీ పెద్దవాళ్లకీ మొదటి ఫోన్ సర్దిపెట్టాను కూడా. అలా వాడగా చూడగా నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. ముందు మాటలకి, తర్వాత సరదాకి, ఆ తర్వాత పనులకి, అన్నిటికన్నా చివర డబ్బుకి యాప్ వేసుకోవాలి. చాలా ఇళ్లలో ఇది తలకిందులుగా జరుగుతోంది. ఫోన్ కొన్న రోజే యూపీఐ పెట్టేస్తున్నారు. స్క్రీన్ మీద ఎక్కడ నొక్కితే ఏమవుతుందో ఇంకా తెలియని మనిషి చేతిలో బ్యాంకు ఖాతా పెట్టడం నాకు అస్సలు నచ్చదు.

మాది కోనసీమలో రాజోలు వైపు, గోదావరి పాయల మధ్య ఉన్న లంక ఊరు. కొబ్బరి తోట, కాస్త అరటి. ఇంట్లో సిగ్నల్ అంతంతమాత్రం, గట్టిగా వానొస్తే అదీ ఉండదు. అందుకని ఏ యాప్ గురించైనా నేను చూసేవి తక్కువే. తెలుగులో ఉందా, లేకపోయినా అర్థమవుతుందా? సిగ్నల్ పోయినప్పుడు పనికొస్తుందా? అది వచ్చాక ఇంకొకర్ని బతిమాలాల్సిన పని తగ్గిందా? ఈ మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. "ఆయ్, మా అబ్బాయి సెలవులకొస్తే చేయించుకుంటానండి" అనే మాట మా వైపు ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. ఆ మాట తగ్గించే యాప్ ఫోన్‌లో ఉండాలి, తగ్గించనిది తీసేయాలి.

మాటల విషయం మా వైపు కొంచెం వేరు. కోనసీమలో గల్ఫ్‌లో మనిషి లేని వీధి ఉండదు. వాట్సాప్ ఎలాగూ ఉంటుంది. కానీ దుబాయ్‌లో, అంటే యూఏఈ మొత్తంలో, వాట్సాప్‌లో మెసేజ్‌లూ వాయిస్ మెసేజ్‌లూ వెళ్తాయి గానీ కాల్ కలవదు, అక్కడి నిబంధనలు అలాంటివి. అందుకే మా ఊళ్లో చాలా ఫోన్లలో బోటిమ్ కనిపిస్తుంది. అది అక్కడ అనుమతి ఉన్న యాప్. మా చెల్లి ఉండేది దుబాయ్‌లోనే. మనకంటే గంటన్నర వెనక కాబట్టి, మాకు రాత్రి భోజనాలయ్యే వేళకి తను పని ముగించుకుని వస్తుంది. సిగ్నల్ బాగున్న రోజు బోటిమ్‌లో ముఖాలు చూసుకుంటాం, బాగాలేని రోజు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టుకుంటాం. నిజం చెప్పాలంటే నాకు వాయిస్ మెసేజ్‌లే ఎక్కువ ఇష్టం. అత్తయ్య తీరిగ్గా మాట్లాడుతుంది, చెల్లి తీరిగ్గా వింటుంది, లైను మధ్యలో తెగదు. చదవడం రానివాళ్లకి దీన్ని మించిన సదుపాయం ఫోన్‌లో ఇంకోటి లేదు.

వాట్సాప్ పెట్టిన రోజే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫొటోలూ వీడియోలూ వాటంతటవే డౌన్‌లోడ్ కాకుండా ఆపేయండి. లేకపోతే గుడ్ మార్నింగ్ బొమ్మలతోనే మెమరీ నిండిపోతుంది, ఫోన్ హ్యాంగ్ అవుతుంది, "ఫోన్ పాడైపోయింది" అని షాపుకి పట్టుకెళ్తారు.

తెలుగు కీబోర్డు ఇంకో ముఖ్యమైనది. గూగుల్ కీబోర్డు జీబోర్డులో తెలుగు భాష కలుపుకుంటే మైకు బొమ్మ నొక్కి మాట్లాడొచ్చు, తెర మీద వేలితో అక్షరాలు రాయొచ్చు కూడా. కీబోర్డు మీద అక్షరాలు వెతుక్కోలేని పెద్దవాళ్లు వేలితో రాయడం ఇట్టే పట్టేస్తారు, పలక మీద నేర్చుకున్న చెయ్యే కదా. మైకులో మన గోదావరి యాసలో గబగబా చెప్తే తడబడుతుంది, కాస్త నిదానంగా చెప్తే బాగానే రాస్తుంది.

ఇక సరదా. దీన్ని తక్కువ చేసి చూడొద్దని మరీ మరీ చెప్తాను. స్క్రీన్ జరపడం, వెనక్కి రావడం, పెద్దది చేసుకోవడం, తప్పు నొక్కితే బయటికి రావడం, ఇవన్నీ సరదా యాప్‌లోనే భయం లేకుండా అలవాటవుతాయి. యూట్యూబ్ గురించి చెప్పేదేముంది, అందరికీ తెలిసిందే. ఆటోప్లే ఆపేసి, వీడియో క్వాలిటీ డేటా సేవర్‌లో పెట్టుకుంటే రోజువారీ డేటా మధ్యాహ్నానికే అయిపోదు. రేడియో మీద మమకారం ఉన్నవాళ్లకి ప్రసార భారతి వాళ్ల న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ ఉంది. ఆకాశవాణి విజయవాడ, విశాఖపట్నం కేంద్రాలు అందులో వస్తాయి. మా ఆయన తోటలో పని చేసుకుంటూ పక్కన పెట్టుకునేది అదే. చదరంగం ఇష్టమైతే లిచెస్ వేసుకోండి. పూర్తిగా ఉచితం, ప్రకటనలు లేవు, నెట్ లేకపోయినా ఫోన్‌తోనే ఆడుకోవచ్చు.

మా ఇంట్లో అందరికీ నచ్చింది మాత్రం మెర్లిన్. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన పక్షుల యాప్. పిట్ట కూస్తుంటే ఫోన్ పట్టుకుంటే చాలు, అది ఏ పిట్టో ఫొటోతో సహా చూపిస్తుంది. ఇండియా పక్షుల ప్యాక్ ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే ఆ తర్వాత నెట్ అక్కర్లేదు. అందుకే ఏటిగట్టు మీదా, తోట మధ్యలోనూ కూడా పనిచేస్తుంది. పేరు ఇంగ్లీషులో వస్తుంది, ఫొటో చూసి మన పేరు మనం చెప్పుకుంటాం. ఊప్ ఊప్ అని కూసేది ఏమిటో పిల్లలకి తెలియదు, యాప్ ఫొటో చూపిస్తే అత్తయ్య "అది జెముడుకాకిరా" అని చెప్పింది. అప్పటిదాకా ఫోన్ ముట్టుకోవడానికే భయపడిన మనిషి, ఇప్పుడు పొద్దున్నే తనే తీసుకుని పెరట్లోకి వెళ్తుంది. పక్కపక్కనే రెండు మూడు పిట్టలు కూస్తే ఒక్కోసారి పొరబడుతుంది, అది పెద్ద లోపమనిపించలేదు.

డబ్బు పెట్టి ఆడే ఆటలు మాత్రం ఏ రూపంలోనూ వద్దు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ లాంటివి నిషేధించారు, 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. అయినా ఏదో లింకు రూపంలో వస్తూనే ఉంటాయి.

పనికొచ్చే యాప్‌లలో లంకలో ఉండేవాళ్లకి మొదటిది వాన, వరదలదే. గోదావరి పొంగుతుందంటే మాకు రెండు లెక్కలు నోటికి వస్తాయి. భద్రాచలంలో 43, 48, 53 అడుగులు, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులు. మొదటి, రెండో, మూడో హెచ్చరికలు ఇవి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు లంకలన్నీ ఎలా మునిగాయో చూసినవాళ్లం. ఇదివరకు టీవీ ముందు కూర్చోవడం, కరెంటు పోతే ఎవరో చెప్పింది నమ్మడం. కేంద్ర జల సంఘం 2023లో ఫ్లడ్‌వాచ్ ఇండియా అని యాప్ తెచ్చింది. మ్యాప్‌లో గోదావరి మీద స్టేషన్ నొక్కితే ఇప్పుడు నీటిమట్టం ఎంతుందో కనిపిస్తుంది. ఆకుపచ్చ మామూలు స్థితి, తర్వాత పసుపు, నారింజ, ఎరుపు. అంకెలూ రంగులే ముఖ్యం కాబట్టి ఇంగ్లీషు రానివాళ్లూ చూసుకోగలరు. దీనివల్ల నాకు కలిగిన పెద్ద మేలు టెన్షన్ తగ్గడం. వరద కాలంలో వాట్సాప్‌లో పాత వీడియోలు కొత్తవిగా తిరుగుతాయి, "గట్టు తెగిపోయింది" అంటూ. అలాంటిది రాగానే నేను ముందు పైన భద్రాచలం దగ్గర నీరు పెరుగుతోందా తగ్గుతోందా చూస్తాను. అయితే ఒక్క మాట. గట్టు సంగతి ఏ యాప్‌కీ తెలియదు. ఊళ్లో అధికారులు ఇల్లు ఖాళీ చేయమంటే యాప్ చూసుకుంటూ కూర్చోకూడదు. ముందే ఫోన్ నిండా చార్జింగ్ పెట్టుకోవడం కూడా అంతే అవసరం.

పిడుగులకి దామిని ఉంది, పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసింది. మనం ఉన్నచోటు నుంచి 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది. లొకేషన్ ఆన్‌లో ఉండాలి. మబ్బు పడితే కొబ్బరికాయలు దింపే వాళ్లని చెట్టెక్కనివ్వాలా వద్దా అన్నది మాకు ప్రాణాలతో పని. అందుకే ఇది ఫోన్‌లో మొదటి పేజీలోనే ఉంటుంది. వరి ఉన్నవాళ్లయితే మేఘదూత్ కూడా వేసుకోండి. జిల్లావారీగా వాతావరణం, పంట సలహా మంగళవారం, శుక్రవారం మారుతుంటాయి. సార్వా (ఖరీఫ్) వరి కోతలప్పుడు కోసి పనలు పడేయాలా ఆగాలా అన్నది తేల్చుకోవడానికి పనికొస్తుంది. సలహాలు కొన్ని మరీ పైపైన ఉంటాయి, వాన కబురు కోసమే నేను చూస్తాను.

రైలు ఎక్కాలంటే మేం చించినాడ వంతెన మీదుగా పాలకొల్లో, సఖినేటిపల్లి రేవులో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి నర్సాపురమో వెళ్లాలి. వేర్ ఈజ్ మై ట్రైన్ యాప్‌లో రైలు ఎక్కడుందో చూసుకుని ఇంటి దగ్గర బయల్దేరతాం. రైల్లో కూర్చున్నాక నెట్ లేకపోయినా సెల్ టవర్ల ఆధారంగా ఏ స్టేషన్ దాటామో చెప్తుంది. తెలుగులోనూ ఉంది. జనరల్ టికెట్టుకి 2025 జూలైలో వచ్చిన రైల్‌వన్ సరిపోతుంది. మ్యాప్ యాప్ గురించి మాత్రం కొత్తవాళ్లకి ఓ జాగ్రత్త చెప్పాలి. దగ్గర దారి అని రేవు మీదుగా చూపిస్తుంది, ఆ రోజు పంటు నడుస్తోందో లేదో దానికి తెలియదు. వరద రోజుల్లో రేవులో మనిషిని అడిగాకే బయల్దేరాలి.

కాగితాలకి డిజిలాకర్. బండి లైసెన్సు, ఆర్సీ ప్రభుత్వ రికార్డుల నుంచి అందులోకి తెచ్చుకుంటే అసలు వాటితో సమానం. గ్యాలరీలో ఉన్న ఫొటోకి ఆ విలువ లేదు. ప్రభుత్వ పనులకి వేరే యాప్‌లు గుట్టగా వేసుకోనక్కర్లేదు. 2025 జనవరిలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సేవ మన మిత్ర వాట్సాప్‌లోనే పనిచేస్తుంది. 95523 00009 నంబరు సేవ్ చేసుకుని హాయ్ అని పంపితే తెలుగులో జాబితా వస్తుంది, సర్టిఫికెట్లు, కరెంటు బిల్లు, ఆర్టీసీ టికెట్లు అందులోనే. మెమరీ తక్కువున్న ఫోన్‌కి ఇది వరం.

పురుగుమందు డబ్బా మీదో, మందుబిళ్లల అట్ట మీదో ఉన్న సన్నని ఇంగ్లీషు చదవడానికి గూగుల్ లెన్స్ వాడుతున్నాను. కెమెరా చూపిస్తే అక్కడే తెలుగులో వస్తుంది. తెలుగు కొంచెం వంకరగా ఉంటుంది, విషయం అర్థమవుతుంది. మోతాదు అంకెలు మాత్రం అసలు అట్ట మీదే చూసుకోవాలి.

ఇవన్నీ చేతికి అలవాటయ్యాకే డబ్బు యాప్. ఫోన్‌పే, గూగుల్ పే, భీమ్ ఏదైనా ఒక్కటే పెట్టుకోండి, ఒకదాన్నుంచి ఇంకోదానికి డబ్బు ఎలాగూ వెళ్తుంది. మూడూ తెలుగులో ఉన్నాయి. అసలు దాచుకునే ఖాతా కాకుండా, ఇంటి ఖర్చుకి సరిపడా కొద్దిగా ఉండే వేరే ఖాతాని దానికి కలపండి. కొబ్బరి డబ్బు, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు ఉన్న ఖాతా యూపీఐకి దూరంగా ఉండాలి. నేను నేర్పేటప్పుడు ఒక్క విషయం వాళ్ల నోటితో పలికిస్తాను: డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే పిన్. ఎవరైనా "మీకు డబ్బు పడుతుంది, పిన్ కొట్టండి" అంటే అది మోసమే. డబ్బు పోయిందని తెలిసిన క్షణంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే తిరిగొచ్చే అవకాశం అంత ఎక్కువ.

యాప్ ఏదైనా ప్లే స్టోర్ నుంచే వేసుకోవాలి. వాట్సాప్‌లో పెళ్లి పిలుపనో, చలానా అనో, రైతు పథకం అనో పేరు పెట్టి ఫైలు వస్తుంది. పేరు చివర ఏపీకే (.apk) అని ఉంటే ఎంత దగ్గర చుట్టం పంపినా తెరవొద్దు. ఆ చుట్టం ఫోన్ అప్పటికే వేరేవాళ్ల చేతిలో ఉండి ఉండొచ్చు. ఎవరైనా మీ స్క్రీన్ చూపించమని ఏదైనా యాప్ వేయమన్నా అంతే, ఫోన్ పెట్టేయండి.

ఫోన్ కొన్న రోజే చేయాల్సిన పని ఇంకొకటుంది. స్టార్ హ్యాష్ 06 హ్యాష్ (*#06#) నొక్కితే ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోన్‌ని గుర్తుపట్టే నంబరు వస్తుంది. దాన్ని బిల్లు వెనక రాసి బీరువాలో పెట్టండి. ఫోన్ పోతే పోలీసు ఫిర్యాదు చేసి, కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీలో ఆ నంబరు ఇచ్చి ఫోన్ బ్లాక్ చేయించొచ్చు. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కూడా అందులోనే కనిపిస్తుంది, ఒకసారి చూసుకోండి.