న్యూరెంబర్గ్‌లో మూడ్రోజులు, బాకాలు చేసేవాళ్ల బొమ్మల కోసం

జర్మనీలో న్యూరెంబర్గ్ అనగానే అందరూ కోట, క్రిస్మస్ మార్కెట్ అంటారు, నేను వెళ్లింది మాత్రం ఒక పాత పుస్తకం పిచ్చితో. ఈ ఊళ్లో స్థిరపడ్డ క్రిస్టోఫ్ వైగెల్ అనే బొమ్మలు చెక్కేవాడు 1698లో వృత్తుల మీద, రాగిరేకు మీద చెక్కి అచ్చేసిన రెండొందలకు పైగా బొమ్మలతో ఒక పుస్తకం వేశాడు, అచ్చయింది రీగెన్స్‌బర్గ్‌లో. అందులో బాకాలు చేసేవాళ్లు, ఆర్గన్ (చర్చిల్లో గొట్టాలతో మోగే పెద్ద వాయిద్యం) చేసేవాళ్లు, గంటలు పోతపోసేవాళ్లు కూడా ఉన్నారు. ప్రతి బొమ్మతో ఒక చిన్న నీతి పద్యం, మన శతకాల్లోలాగా, చేతి పని చూపించి మనసు సంగతి చెప్తుంది.

మొదటి రాత్రి స్టేషన్ దగ్గర హోటల్‌లో ట్రామ్ చప్పుడుకి నిద్రే లేదు. మర్నాడు కోటని ఆనుకుని ఉన్న యూత్ హాస్టల్‌కి మారాం, 1495 ప్రాంతంలో ధాన్యం దాచడానికి కట్టిన బిల్డింగ్ అది, గదులు సింపుల్‌గా, శుభ్రంగా ఉన్నాయి, కాకపోతే లగేజీతో ఆ ఎత్తు ఎక్కాలి, పెద్దవాళ్లుంటే టాక్సీ తీసుకోండి.

జర్మన్ నేషనల్ మ్యూజియంకి ఒక రోజు పూర్తిగా ఇవ్వండి. సోమవారం సెలవు, వాయిద్యాల గదులు తెరిచున్నాయో లేదో ముందే కనుక్కోండి. పాత కాగితం బొమ్మలు వెలుతురుకి పాడవుతాయి కాబట్టి గోడల మీద అన్నివేళలా ఉంచరు, నేను ఆ పుస్తకం బొమ్మల స్కాన్‌లు ఫోన్‌లో పెట్టుకుని వెళ్లా, అదే మంచిదైంది. బొమ్మలో ఒకాయన బాకా నోరు సాగగొడుతుంటాడు, ఎదురుగా గాజు పెట్టెలో అదే కాలం నాటి అసలు బాకా! యోహాన్ విల్హెల్మ్ హాస్ చేసిన బాకాల అంచు పట్టీ మీద ఆయన పేరు, ఊరు, దూకుతున్న కుందేలు గుర్తు చెక్కి ఉంటాయి, హాస్ అంటే కుందేలే కదా. పద్యం మనల్ని ఆత్మ వైపు లాగుతుంది గానీ, నాకైతే బొమ్మే ఎక్కువ నిజం చెప్పిందనిపించింది, ఆ పనిముట్లని అంత ఓపిగ్గా గీసినవాడికి పనివాడంటే గౌరవం లేకుండా ఎలా ఉంటుంది?

తిండి సంగతి, బన్నులో మూడు చిన్న సాసేజ్‌లు పెట్టిస్తారు, బాగుంటుంది, శాకాహారులకి బ్రెడ్, చీజే గతి.

చివరి సాయంత్రం సేబాల్డ్ చర్చికి వెళ్లాం. ఆ పుస్తకం వచ్చిన ఏడాది ఇక్కడ ఆర్గన్ వాయిస్తున్నది సంగీతకర్త పాహెల్‌బెల్, 1695 నుంచి 1706లో చనిపోయేదాకా. ఆ పాత ఆర్గన్ రెండో ప్రపంచ యుద్ధంలో కాలిపోయింది. బయటికొస్తుంటే గంటలు మొదలయ్యాయి, గంటలు పోతపోసేవాడి బొమ్మ తెరుచుకుని అవి ఆగేదాకా మెట్ల మీదే కూర్చున్నా.